చట్టం పేదల చేతికి అందాలంటే: ఉమ్మడి అనంతపురం జిల్లాలో తరచుగా అడిగే ప్రశ్నలు

అనంతపురం, ధర్మవరం, కళ్యాణదుర్గం, గుత్తి కోర్టుల బయట, తాసిల్దారు ఆఫీసుల వరండాల్లో జనం మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలివి. భూమి, కులబలం, చదువు ఉన్నవాళ్లకూ లేనివాళ్లకూ మధ్య తేడా జడ్జి ముందుకు పోయేసరికే చాలావరకు తేలిపోయి ఉంటుంది. ఫిర్యాదు రాసేటప్పుడు, రసీదు అడిగేటప్పుడు, గడువు తెలియక ఇంట్లో కూర్చున్నప్పుడు అది తేలుతుంది. అందుకే ఇక్కడ కాగితాల గురించి ఎక్కువగా చెప్తున్నాం. కర్నూలు, కడప జిల్లాల వాళ్లకూ ఇవే చట్టాలు, ఇవే మెట్లు.

చట్టం ముందు అందరూ సమానమే అంటారు. మరి ఉన్నోళ్లకే ఎందుకు పనిచేస్తున్నట్టు కనిపిస్తుంది?

రాజ్యాంగం 14వ అధికరణం చెప్పే సమానత్వం నిజమే. కానీ గట్టు తగాదా మీద ఒక సివిల్ దావా పడిందనుకోండి. ప్రతి వాయిదాకూ కూలి మనిషికి ఒక రోజు కూలి పోతుంది, బస్సు చార్జీ పోతుంది. అవతలి వాడికి లాయరు ఒక్కడు పోతే చాలు. ఏడాది, రెండేళ్లు ఇట్ల లాగితే న్యాయం ఎవరి పక్క ఉన్నా, ముందు అలిసిపోయేది కూలి మనిషే.

ఈ సంగతి తెలిసే 1976లో 42వ సవరణతో 39ఎ అధికరణం తెచ్చారు. డబ్బు లేదన్న కారణంతో ఎవరికీ న్యాయం అందకుండా పోకూడదని, ఉచిత న్యాయసాయం ఇవ్వాల్సింది ప్రభుత్వమేనని అది చెప్తుంది. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం 1989లో వచ్చింది కూడా మామూలు నేరచట్టం చాలలేదు కాబట్టే. దానికి ముందు 1985లో కారంచేడులో దళితుల ఊచకోత జరిగింది. చట్టం వచ్చాక కూడా 1991 ఆగస్టు 6న చుండూరులో అదే జరిగింది. చుండూరు కేసును ఆ ఊళ్లోనే పెట్టిన ప్రత్యేక కోర్టు విచారించి, 2007లో 21 మందికి యావజ్జీవ శిక్ష వేసింది. 2014లో ప్రాసిక్యూషన్ నేరం రుజువు చేయలేకపోయిందని హైకోర్టు అందరినీ విడుదల చేసింది. ప్రత్యేక చట్టం, ప్రత్యేక కోర్టు, దేశమంతా చూసిన కేసు, అయినా ఇరవై మూడేళ్ల తర్వాత ఫలితం అది. మొదటి రోజుల్లో రాసిన కాగితం, తీసుకున్న వాంగ్మూలం మీద మేమింత పట్టుబట్టడానికి కారణం ఇదే.

ఉచిత లాయరు ఎవరికి ఇస్తారు? మాకు తెల్ల రేషన్ కార్డు లేదు.

కార్డుతో పనిలేని వాళ్లు చాలామందే ఉన్నారు. న్యాయ సేవల అధికార సంస్థల చట్టం 1987, సెక్షన్ 12 ప్రకారం ఎస్సీలు, ఎస్టీలు, ఆడవాళ్లు, పిల్లలు, వికలాంగులు, ఫ్యాక్టరీ కార్మికులు, కస్టడీలో ఉన్నవాళ్లు, వెట్టిచాకిరీకి గురైనవాళ్లు ఆదాయం ఎంతున్నా అర్హులే. మిగతా వాళ్లకు రాష్ట్రం పెట్టిన ఆదాయ పరిమితి వర్తిస్తుంది.

ఈ జిల్లా వాళ్లు ముఖ్యంగా గుర్తు పెట్టుకోవాల్సిన మాట ఒకటి అదే సెక్షన్‌లో ఉంది. సామూహిక విపత్తు, కులదాడి, వరదలతో పాటు కరువు బాధితుడని కూడా అందులో రాశారు. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన కూడా సరిగ్గా పడని జిల్లా మనది. శెనక్కాయ ఎండిపోయి బోరు అప్పు మీద పడిన రైతుకు ఆరెకరాల పాసుపుస్తకం ఉన్నంత మాత్రాన ఉచిత న్యాయసాయం తలుపు మూసుకుపోదు. మండలాన్ని కరువు మండలంగా ప్రకటించిన ఉత్తర్వు నకలు, పంట నష్టం జాబితాలో పేరున్న పేజీ దరఖాస్తుకు జత చేయండి. చాలామంది "నాకు భూమి ఉంది, నాకియ్యరు" అనుకుని అడగనే అడగరు.

దరఖాస్తు ఎక్కడ పెట్టాలి, ఏమేం తీసుకుపోవాలి?

జిల్లా కోర్టు ఆవరణలో జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసు ఉంటుంది. దానికి అధ్యక్షుడు ప్రధాన జిల్లా జడ్జి. రోజువారీ పని చూసేది కార్యదర్శి, ఆయన కూడా జడ్జే. చిన్న ఊళ్ల కోర్టుల్లో మండల న్యాయ సేవా కమిటీలు పనిచేస్తాయి. ఉండేది ఏ ఊరైనా ముందు దగ్గరి కోర్టుకే పోండి, అనంతపురం దాకా రానక్కర్లేదు. ఫోనులో అయితే 15100, దానికి డబ్బులు పడవు.

తెల్లకాగితం మీద తెలుగులో రాసినా చెల్లుతుంది. రాయడం రాకపోతే ఆఫీసులో చెప్తే రాసుకోవాలి, మీరు వేలిముద్ర వేస్తే చాలు. ఆధార్ నకలు, కులధ్రువీకరణ లేదా ఆదాయపత్రం (మీకు ఏది వర్తిస్తే అది), కేసుకు సంబంధించి ఇప్పటిదాకా వచ్చిన నోటీసులు, సమన్లు, ఎఫ్‌ఐఆర్ నకలు తీసుకుపోండి. సమను మీద ఉన్న వాయిదా తేదీని మొదటి వాక్యంలోనే చెప్పండి. రేపు వాయిదా పెట్టుకుని ఈ రోజు సాయంత్రం దరఖాస్తు ఇస్తే లాయరును కేటాయించేలోపు ఎక్స్‌పార్టీ అయిపోయే, అంటే మీ తరఫున ఎవరూ లేకుండానే కేసు నడిచిపోయే ప్రమాదం ఉంది.

సాయం మంజూరైతే లాయరు ఫీజు ఒక్కటే కాదు, కోర్టు ఫీజు, నకళ్ల ఖర్చు, అనువాదం, సాక్షుల ఖర్చు కూడా సంస్థే భరిస్తుంది. దరఖాస్తు తిరస్కరిస్తే అధ్యక్షుడికి, అంటే జిల్లా జడ్జికి అప్పీలు చేసుకోవచ్చు.

ఉచిత లాయరు సరిగ్గా చూడటం లేదు, పైగా ఖర్చులకని డబ్బులు అడుగుతున్నాడు. ఏం చేయాలి?

ప్యానెల్ లాయరు, అంటే సంస్థ మీకు కేటాయించిన లాయరు, మీ దగ్గర రూపాయి కూడా తీసుకోకూడదు. జిరాక్సులకని అడిగినా తప్పే. ఏ తేదీన, ఎంత అడిగాడో రాసి కార్యదర్శికి ఇవ్వండి, లాయరును మార్చమని అదే కాగితంలో కోరండి. మారుస్తారు. డబ్బులిచ్చి ఊరుకుంటే మీ వెనక వచ్చేవాళ్ల దగ్గరా అడుగుతాడు.

ఉచితంగా వచ్చే లాయర్లంతా అంతంతమాత్రమే అన్న మాట నిజం కాదు. నిందితుల పక్షాన వాదించడానికే పూర్తికాలం పనిచేసే డిఫెన్స్ కౌన్సెల్ పద్ధతి 2022 నుంచి జిల్లాలకు వస్తోంది. వాళ్లకు బయట ప్రైవేటు కేసులు ఉండవు.

స్టేషన్‌లో ఫిర్యాదు తీసుకోవడం లేదు. "రేపు రాపో" అంటున్నారు.

నోటితో చెప్పి తిరిగొస్తే మీరు స్టేషన్‌కు పోయినట్టే ఎక్కడా ఉండదు. ఫిర్యాదు రెండు ప్రతులు రాసుకుని పోండి. ఒకటి ఇచ్చి రెండోదాని మీద తేదీ, సంతకం, ముద్ర అడగండి. ముద్ర వేయకపోతే గొడవ పడొద్దు. అదే రోజు పోస్టాఫీసుకు పోయి రసీదు ఇచ్చే పోస్టులో ఎస్పీకి పంపండి. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత సెక్షన్ 173 ఈ దారిని రాసిపెట్టింది. స్టేషన్ కాదంటే ఎస్పీకి, ఆయనా పట్టించుకోకపోతే అఫిడవిట్‌తో మేజిస్ట్రేట్‌కు పోవచ్చు. పోస్టు రసీదు లేకుండా మేజిస్ట్రేట్ దగ్గరికి పోతే "ముందు ఎస్పీకి ఇచ్చారా" అన్న ప్రశ్నకు జవాబుండదు. ఇట్ల తిరిగొచ్చిన పిటిషన్లు చాలా ఉన్నాయి.

"మా స్టేషన్ పరిధి కాదు" అన్నది ఇప్పుడు చెల్లే మాట కాదు. నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లో అయినా నమోదు చేయాలి. ఎఫ్‌ఐఆర్ నకలు ఉచితంగా ఇవ్వాలి. దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో 90 రోజుల్లోగా ఫిర్యాదుదారుకు తెలపాలి.

మూడేళ్లు లేదా అంతకు మించి, ఏడేళ్లలోపు శిక్ష పడే నేరాల్లో డీఎస్పీ అనుమతితో 14 రోజుల ప్రాథమిక విచారణకు కొత్త చట్టం వీలిచ్చింది. ఆ పేరు చెప్పి ఎస్సీ, ఎస్టీ కేసును ఆపబోతే 1989 చట్టంలోని సెక్షన్ 18ఎ గుర్తు చేయండి. ఈ చట్టం కింద ఎఫ్‌ఐఆర్‌కు ప్రాథమిక విచారణ అక్కర్లేదని 2018 సవరణ తేల్చేసింది.

కులం పేరుతో తిట్టారు. ఫిర్యాదులో ఏమేం ఉండాలి?

కేసు నిలిచేదీ పడిపోయేదీ ఎక్కువగా ఇక్కడే కాబట్టి కొంచెం ఓపికగా చదవండి.

చాలా ఫిర్యాదుల్లో ఒకే వాక్యం కనిపిస్తుంది: "నన్ను కులం పేరుతో దూషించి చంపుతానని బెదిరించినాడు." ఈ వాక్యంలో ఏ మాట అన్నాడో లేదు. ఎక్కడ అన్నాడో లేదు. ఎవరు విన్నారో లేదు. ఇద్దరి కులాలూ లేవు. అత్యాచారాల చట్టం సెక్షన్ 3(1)లోని దూషణ నేరానికి ఆ మాట "ప్రజల కంటికి కనపడే చోట" అనడం ముఖ్యం. నాలుగు గోడల మధ్య, బయటివాళ్లు ఎవరూ లేకుండా జరిగితే ఈ నేరం కిందికి రాదని సుప్రీంకోర్టు 2020లో హితేష్ వర్మ కేసులో చెప్పింది. ఇల్లు అయినా సరే, బయటివాళ్లు చూస్తూ వింటూ ఉంటే లెక్క వేరు.

అందుకని ఇట్ల రాయండి: "ఫలానా తేదీ, ఉదయం సుమారు 8 గంటలకు, మా ఊరి రచ్చకట్ట దగ్గర బోరు కాడ నేను బిందె పెట్టినప్పుడు, ఫలానా కులానికి చెందిన ఫలానా వ్యక్తి, నేను ఫలానా కులమని తెలిసి, నన్ను ఈ మాట అన్నాడు." ఆ తర్వాత అన్న మాటను అన్నట్టే రాయాలి. బూతు అని చుక్కలు పెట్టొద్దు, "అసభ్యంగా" అని మర్యాద చేయొద్దు. రాసే రైటరు ఆ మాటను మింగేసి "కులదూషణ" అని ఒక్క ముక్కలో తేల్చబోతే ఆపి, అన్న మాటే రాయమని అడగండి. విన్నవాళ్ల పేర్లు ఇద్దరివి ముగ్గురివి చాలు, కానీ వాళ్లు కోర్టుకొచ్చి చెప్పేవాళ్లై ఉండాలి. పదిమంది పేర్లు రాసి తొమ్మిదిమంది వెనక్కి పోతే మిగిలిన ఒక్కడి మాట కూడా పలచబడుతుంది.

రాసింది చదివి వినిపించాకే సంతకం పెట్టాలని ఈ చట్టం కింద చేసిన నియమాల్లో నియమం 5 చెప్తుంది. చదివి వినిపించకుండా వేలిముద్ర అడిగితే చదవమనండి, అది మీ హక్కు. ఒకే ఊరివాడు, ముందునుంచీ తెలిసినవాడు అయితే, మీ కులం నాకు తెలియదని తప్పించుకోవడం కుదరదు. తెలుసుననే కోర్టు అనుకోవాలని సెక్షన్ 8 చెప్తుంది, తెలియదని రుజువు చేసుకోవాల్సింది అతనే.

రెండు గ్లాసుల పద్ధతి, గుడిలోకి రానీకపోవడం, శ్మశానానికి దారి ఆపడం, ఊరి బోరు దగ్గర అడ్డుకోవడం, ఇవన్నీ ఇదే చట్టం కింద నేరాలు. తిట్టు లేదు కదా అని వదిలేయకండి.

ఎఫ్‌ఐఆర్ అయింది. తర్వాత ఏం జరగాలి? పరిహారం ఎప్పుడొస్తుంది?

దర్యాప్తు డీఎస్పీ స్థాయి అధికారే చేయాలి. ఇది లాంఛనం కాదు. సాక్షుల దగ్గరికి ఎస్‌ఐ వచ్చి వాంగ్మూలం రాసుకుని, చివర్లో డీఎస్పీ సంతకం పెడితే, విచారణలో అవతలి లాయరు మొదట పట్టుకునేది దాన్నే. మీ ఇంటికొచ్చి అడిగింది ఎవరు, ఏ తేదీన అన్నది ఒక నోటుబుక్కులో రాసిపెట్టుకోండి. 60 రోజుల్లో చార్జిషీటు పడాలి.

పరిహారం కోర్టు తీర్పుకోసం ఆగేది కాదు. కులం పేరుతో దూషణకు లక్ష రూపాయలు: ఎఫ్‌ఐఆర్ దశలో 25 శాతం, చార్జిషీటు పడ్డాక 50 శాతం, కింది కోర్టులో శిక్ష పడితే మిగిలిన 25 శాతం. హత్య అయితే కుటుంబానికి 8.25 లక్షలు, సగం పోస్టుమార్టం అయ్యాక, సగం చార్జిషీటు కోర్టుకు చేరాక. ఇది సాంఘిక సంక్షేమ శాఖ ద్వారా, కలెక్టరు మంజూరుతో వస్తుంది. ఆగిపోయేది ఎక్కువగా మూడు కారణాలతో: కులధ్రువీకరణ పత్రం చేరలేదు, బ్యాంకు ఖాతాలో పేరు ఆధార్‌తో కలవలేదు, స్టేషన్ నుంచి ఎఫ్‌ఐఆర్ నకలు సంక్షేమ శాఖకు పోనేలేదు. ఈ మూడూ మీరే పోయి సరిచూసుకోండి.

కోర్టుకు వచ్చే బాధితులకు, సాక్షులకు దారి ఖర్చు, కనీస వేతనానికి తగ్గకుండా రోజు భత్యం ఇవ్వాలని నియమం 11 ఉంది. చాలామంది సాక్షులు కూలి పోతుందనే రావడం మానేస్తారు. ఇది ముందే చెప్తే వచ్చేవాళ్లు ఎంతమందో.

నిందితుడు బెయిలు అడిగితే ఆ సంగతి మీకు తెలపాలి, మీ మాట వినాలి. సెక్షన్ 15ఎ అది. తెలపకుండా బెయిలిస్తే అదే కారణం మీద రద్దు కోరవచ్చు. కేసు కదలకపోతే కలెక్టరు అధ్యక్షతన మూడు నెలలకోసారి జరగాల్సిన జిల్లా విజిలెన్స్ అండ్ మానిటరింగ్ కమిటీకి రాయండి. ప్రతి నెలా 30న ఊళ్లలో జరిపే పౌరహక్కుల దినం రోజున తాసిల్దారు, ఎస్‌ఐ ఇద్దరూ ఉన్నప్పుడే చెప్పి మినిట్స్‌లో రాయించండి.

పెద్దమనుషులు రాజీ చేసుకోమంటున్నారు. కౌంటర్ కేసు కూడా పెట్టారు.

మన వైపు ఇది దాదాపు ప్రతి కేసులోనూ ఉంటుంది. మీ ఎఫ్‌ఐఆర్ పడ్డ ఒకటి రెండు రోజుల్లోనే అవతలి వాళ్ల ఇంట్లో ఆడమనిషితో మీ మీద ఫిర్యాదు ఇప్పిస్తారు. ఆ తర్వాత "రెండూ తీసేసుకుందాం" అంటారు. భయపడాల్సింది లేదు. కౌంటర్ కేసు పడినంత మాత్రాన మీ కేసు బలం తగ్గదు. మీ ఫిర్యాదు తేదీ, గంట ముందుగా ఉంటే చూసే కళ్లు అదే చూస్తాయి. కౌంటర్ కేసులో మీరు నిందితులు కాబట్టి దానికి కూడా ఉచిత లాయరు వస్తాడు.

అత్యాచారాల చట్టం కింది నేరాలు రాజీకి వీలైన జాబితాలో లేవు. రచ్చబండ దగ్గర రాసిన స్టాంపు కాగితానికి విలువ లేదు. అయినా ఒకటి నిజాయితీగా చెప్పాలి. అదే ఊళ్లో, వాళ్ల చేలోనే కూలికి పోవాల్సిన కుటుంబం రాజీకి ఒప్పుకుంటే దాన్ని పిరికితనం అనే హక్కు ఎవరికీ లేదు. ఒప్పుకునేముందు ఒక్కసారి న్యాయ సేవాధికార సంస్థలో మాట్లాడండి. ఖాళీ కాగితం మీద మాత్రం ఏ కారణానికీ సంతకం పెట్టొద్దు. బెదిరింపు ఉంటే సాక్షి రక్షణ కోరే హక్కు సెక్షన్ 15ఎలోనే ఉంది.

మేం చర్చికి పోతాం. మాకు ఈ చట్టం వర్తించదంటున్నారు.

1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డు కుల హోదా హిందువులకు, 1956 నుంచి సిక్కులకు, 1990 నుంచి బౌద్ధులకే ఉంది. క్రైస్తవంలోకి మారిన ఎస్సీలు మన రాష్ట్రంలో బీసీ-సి కిందికి వస్తారు. మతం మారిన వ్యక్తి ఈ చట్టాన్ని వాడుకోలేడని రాష్ట్ర హైకోర్టు 2025లో తీర్పు చెప్పింది. పేటలో మనిషిని అవమానించేవాడు ఏ గుడికి పోతావని అడిగి అవమానించడు, కాబట్టి ఇది అన్యాయమని మా అభిప్రాయం. కానీ చట్టం ఈ రోజు ఉన్నది అట్ల. అందుకని ఫిర్యాదులో దెబ్బలు, బెదిరింపు, అడ్డగింత వంటి మామూలు నేరాల వివరాలు కూడా పూర్తిగా రాయించండి. ఒక సెక్షన్ పోయినా మిగతావి నిలబడతాయి.

మా తాతకు ప్రభుత్వం ఇచ్చిన డీకేటీ పట్టా (అసైన్డు) భూమి అప్పు కింద వేరేవాళ్ల చేతిలోకి పోయింది. తిరిగొస్తుందా?

వచ్చే వీలుంది. అసైన్డు భూముల బదిలీ నిషేధ చట్టం 1977 ప్రకారం భూమిలేని పేదలకిచ్చిన భూమి అమ్మకం, దానం, కౌలు ఏదైనా చెల్లదు. తెల్లకాగితం మీద రాసిచ్చినా, స్టాంపు కాగితం మీద రాసిచ్చినా అంతే. సెక్షన్ 4 కింద తాసిల్దారు ఆ భూమిని స్వాధీనం చేసుకుని అసలు పట్టాదారుకు గానీ వారసులకు గానీ తిరిగి ఇవ్వవచ్చు. "మా నాయన అమ్ముకున్నాడు, మాకు అడిగే ముఖం లేదు" అని చాలామంది ఆగిపోతారు. చట్టం వచ్చిందే పేదవాడు అవసరానికి అమ్ముకుంటాడని తెలిసి.

ముందు పట్టా తేదీ చూడండి. ఆంధ్ర ప్రాంతంలో 1954 జూన్ 18 నాటి జీవో 1142 తర్వాత ఇచ్చిన పట్టాల్లోనే అమ్మకూడదన్న షరతు ఉంటుంది. అంతకు ముందుదైతే ఈ దారి పనిచేయదు. పట్టా కాగితం చిరిగిపోయినా, పోయినా తాసిల్దారు ఆఫీసులో అసైన్‌మెంటు రిజిస్టరు నకలు అడగండి. సర్వే నంబరు, సబ్ డివిజన్, విస్తీర్ణం, పాత అడంగల్ నకళ్లు, వారసుల ధ్రువీకరణ జతచేసి తాసిల్దారుకు అర్జీ ఇవ్వండి. సోమవారం కలెక్టరేటు గ్రీవెన్సులో ఇస్తే నంబరుతో రసీదు వస్తుంది, దాన్ని పెట్టుకుని వెంటపడవచ్చు.

2023 సవరణతో ఇరవై ఏళ్లు దాటిన అసైన్డు భూములకు అసలు పట్టాదారుకే పూర్తి హక్కు ఇచ్చారు. 2024లో ఆ ఫ్రీహోల్డు భూముల మీద విచారణ మొదలై రిజిస్ట్రేషన్లు ఆగాయి. కాబట్టి ఎవరైనా "ఇప్పుడు అమ్మొచ్చు, సంతకం పెట్టు" అంటే ముందు సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో 22-ఎ నిషేధ జాబితాలో ఆ సర్వే నంబరు ఉందో లేదో చూసుకోండి.

ఎస్సీ, ఎస్టీల భూమిని బలవంతంగా ఆక్రమించుకుంటే అది అత్యాచారాల చట్టం కింద నేరం కూడా. భూమి దారి, క్రిమినల్ దారి రెండూ ఒకేసారి నడపవచ్చు.

అడంగల్‌లో మా పేరు తీసేసి వేరేవాళ్ల పేరు ఎక్కించారు.

మీభూమి వెబ్‌సైటులో అడంగల్, 1బి నకళ్లు తీసుకోండి. ఏ ఉత్తర్వు మీద మార్చారో ఆ ఉత్తర్వు నకలు తాసిల్దారును రాతపూర్వకంగా అడగండి. తాసిల్దారు మార్పు ఉత్తర్వు మీద ఆర్డీవోకు 60 రోజుల్లో అప్పీలు చేయాలి, దాని మీద జాయింట్ కలెక్టరుకు రివిజన్ ఉంటుంది. వీఆర్వో చుట్టూ నోటిమాటతో తిరుగుతుంటే ఆ 60 రోజులూ గడిచిపోతాయి. ఆలస్యమైనా, ఉత్తర్వు సంగతి తెలిసిన తేదీని చూపి ఆలస్య మాఫీ కోరవచ్చు.

ఆడబిడ్డకు తండ్రి భూమిలో వాటా ఉందా? పెళ్లప్పుడు ఇచ్చిందే చాలంటున్నారు.

ఉంది. పెళ్లిలో ఇచ్చిన బంగారం, పసుపు కుంకుమలు వాటాకు బదులు కావు. మన రాష్ట్రం 1985 సెప్టెంబరు 5 నుంచే పెళ్లికాని ఆడపిల్లలకు ఉమ్మడి ఆస్తిలో కొడుకుతో సమాన హక్కు ఇచ్చింది. 2005 సెప్టెంబరు 9 నుంచి కేంద్ర సవరణతో పెళ్లైనవాళ్లకూ వచ్చింది. ఆనాటికి తండ్రి బతికి లేకపోయినా హక్కు పోదని 2020లో వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. 2004 డిసెంబరు 20కి ముందే చెల్లేలా పంపకాలు అయిపోయి ఉంటే మాత్రం వాటిని తిరగదోడలేరు. తండ్రి స్వార్జితాన్ని వీలునామాతో ఎవరికైనా రాయవచ్చు.

మోసం జరిగేది ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ దగ్గర. తండ్రి పోయాక అందులో కూతుళ్ల పేర్లు రాయకుండా తీసుకుని, దానితో పాసుపుస్తకం మార్పించుకుంటారు. ఆ సర్టిఫికెట్ నకలు తీసుకుని, మీ పేరు లేకపోతే మ్యుటేషన్‌కు (రికార్డులో పేరు మార్పుకు) రాతపూర్వకంగా అభ్యంతరం ఇవ్వండి. "బ్యాంకు లోనుకు సంతకం" అని చెప్పి హక్కు విడుదల పత్రం మీద సంతకం పెట్టించుకోవడం కూడా ఎక్కువే.

మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని వలస పోయాం. తీరేదాకా రానీయమంటున్నారు.

అప్పు పేరు చెప్పి మనిషిని కదలనీయకపోతే అది వెట్టిచాకిరీ. 1976 చట్టం ఆ అప్పునే రద్దు చేసింది. కట్టాల్సింది ఏమీ లేదు. వెట్టి కాదని రుజువు చేయాల్సింది యజమానే, కూలి కాదు. కనీస వేతనం కంటే తక్కువిచ్చి పని చేయించుకున్నా అది బలవంతపు చాకిరే అని సుప్రీంకోర్టు 1982లోనే చెప్పింది.

పని ఏ జిల్లాలో ఉంటే అక్కడి కలెక్టరుకో ఆర్డీవోకో ఫిర్యాదు పోవాలి. కోసిగి, ఆదోని వైపు నుంచి మిరప కోతకు గుంటూరు పోయినవాళ్లది అక్కడ, కదిరి నుంచి బెంగళూరు పోయినవాళ్లది అక్కడ. ఊళ్లో ఉన్న బంధువులు 15100కు ఫోను చేసినా చాలు. విడుదల సర్టిఫికెట్ చేతికి రాకుండా బండెక్కి వచ్చేయకండి. తక్షణ సాయం 30,000 రూపాయలూ, తర్వాత వచ్చే పునరావాసం లక్ష నుంచి మూడు లక్షల దాకా ఉండేదీ అంతా ఆ ఒక్క కాగితం మీదే ఆధారపడి ఉంటుంది. చాలాసార్లు అధికారులు రాత్రికి రాత్రి బస్సెక్కించి పంపేస్తారు, మనిషి ఇంటికి చేరతాడు, సాయం చేరదు.

లోక్ అదాలత్‌లో తేల్చుకోవడం మంచిదేనా?

మోటారు ప్రమాదాలు, చెక్కు కేసులు, బ్యాంకు బాకీలు, అన్నదమ్ముల పంపకాల్లో మంచిదే. కట్టిన కోర్టు ఫీజు తిరిగొస్తుంది. కానీ అక్కడ వచ్చిన అవార్డు మీద అప్పీలు లేదు, కోర్టు డిక్రీతో సమానం. కాబట్టి మొత్తం ఎంత, ఎన్ని విడతలు, ఏ తేదీలోగా, కట్టకపోతే ఏమవుతుంది, ఈ నాలుగూ కాగితం మీద చదివి వినిపించాకే సంతకం. నచ్చకపోతే కాదనవచ్చు, కేసు మామూలుగా నడుస్తుంది. కాదన్నందుకు జడ్జికి కోపం వస్తుందేమో అన్న భయం వద్దు.

మా వాడు రెడ్డిపల్లిలోని జిల్లా జైల్లో ఉన్నాడు. బెయిలు వచ్చింది, జామీనుకు మనుషులు లేరు.

బెయిలు ఉత్తర్వు వచ్చి ఏడు రోజులైనా మనిషి బయటికి రాకపోతే జైలు సూపరింటెండెంటు న్యాయ సేవాధికార సంస్థకు చెప్పాలని సుప్రీంకోర్టు 2023 జనవరిలో ఆదేశించింది. నెల దాటితే కోర్టు తనంతట తానే షరతులు సడలించే విషయం చూడాలి. మీరు ఊరికే ఎదురు చూడకుండా సంస్థకు ఒక కాగితం రాయండి: కేసు నంబరు, బెయిలు తేదీ, ఎంత మొత్తానికి ఎన్ని జామీన్లు అడిగారు, ఇంట్లో ఏముంది.

విచారణ ఖైదీగా శిక్షాకాలంలో సగం గడిపిన వాడిని, మొదటిసారి కేసు అయితే మూడో వంతు గడిపిన వాడిని విడిచిపెట్టాలని నాగరిక సురక్షా సంహిత సెక్షన్ 479 చెప్తుంది. మరణశిక్ష, యావజ్జీవం పడే నేరాలకూ, ఒకటికి మించి కేసులున్నవాళ్లకూ ఇది వర్తించదు.

పోలీసు దెబ్బల మీద, అధికారుల నిర్లక్ష్యం మీద విజయవాడ దాకా పోవాల్సిందేనా?

అక్కర్లేదు. రాష్ట్ర మానవ హక్కుల కమిషన్‌కు ఊళ్లోనుంచే రాయవచ్చు. ఫీజు లేదు, తెలుగులో పోస్టులో పంపవచ్చు, సంఘటన జరిగిన ఏడాదిలోపు ఇవ్వాలి. దెబ్బలుంటే అదే రోజు ప్రభుత్వాసుపత్రిలో చూపించుకుని ఎంఎల్‌సీ (పోలీసు కేసుగా డాక్టరు దెబ్బల నమోదు) చేయించండి. వారం తర్వాత తీసిన ఫోటోకు అంత బలం ఉండదు. హైకోర్టు మాత్రం అమరావతిలో ఉంది. రాయలసీమకు హైకోర్టు అన్న మాట 1937 శ్రీబాగ్ ఒడంబడిక నాటిది. సీమ కూలికి ఆ దూరం ఈ రోజుకూ ఒక కోర్టు ఫీజు లాంటిదే. హైకోర్టులో కూడా న్యాయ సేవా కమిటీ ఉంది. జిల్లా సంస్థలోనే దరఖాస్తు ఇస్తే అక్కడికి పంపుతారు.

మా అర్జీ ఏమైందో ఎవరూ చెప్పడం లేదు.

సమాచార హక్కు చట్టం వాడండి. మన రాష్ట్రంలో గ్రామస్థాయి ఆఫీసులో ఫీజు లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, పైన 10 రూపాయలు. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవాళ్లకు ఎక్కడా లేదు. 30 రోజుల్లో జవాబివ్వాలి. ఇవ్వకపోతే 30 రోజుల్లో మొదటి అప్పీలు, ఆ తర్వాత 90 రోజుల్లో రెండో అప్పీలు. "నా అర్జీ ఎందుకు పరిష్కరించలేదు" అని అడగొద్దు, సంజాయిషీ అడిగితే ఇవ్వనక్కర్లేదని తిప్పి పంపుతారు. "ఫలానా తేదీన, ఫలానా నంబరుతో ఇచ్చిన అర్జీ మీద నోట్‌ఫైలు నకలు, ప్రస్తుతం ఏ అధికారి దగ్గర ఎన్ని రోజులుగా ఉందో చూపే రికార్డు నకలు ఇవ్వండి" అని అడగండి. ఈ కాగితం చేరాక కదిలిన ఫైళ్లు చాలా ఉన్నాయి.

గడువులు ఎట్ల గుర్తు పెట్టుకోవాలి?

మోటారు ప్రమాద పరిహారానికి ప్రమాదం జరిగిన రోజు నుంచి ఆరు నెలలు. వినియోగదారుల ఫిర్యాదుకు రెండేళ్లు. ప్రామిసరీ నోటు బాకీకి మూడేళ్లు. భూమి మీది నుంచి బలవంతంగా వెళ్లగొడితే హక్కు సంగతి పక్కన పెట్టి స్వాధీనం ఒక్కటే తిరిగి కోరడానికి ఆరు నెలలు, హక్కు మీద దావాకు పన్నెండేళ్లు. సివిల్ తీర్పు మీద జిల్లా కోర్టుకు అప్పీలు 30 రోజులు, హైకోర్టుకు 90 రోజులు. తీర్పు నకలు తయారు కావడానికి పట్టిన రోజులు ఇందులో లెక్కకు రావు, కానీ నకలుకు దరఖాస్తు పెట్టిన రోజు నుంచే ఆ మినహాయింపు మొదలవుతుంది. అందుకని తీర్పు చెప్పిన రోజే, కోర్టు నుంచి బస్టాండుకు పోయేలోపే నకలు దరఖాస్తు వేయండి.